విశాఖ రేవు, విశాఖ తీరం

సముద్రం ఉన్న ప్రతిచోటా ఓడరేవు ఏర్పడదు. ఓడ నిలవడానికి తగిన లోతు ఉండాలి. గాలివానకు, అలల తాకిడికి చాటు ఉండాలి. సరకులు చేరవేయడానికి రైలు మార్గాలు, రోడ్లు ఉండాలి. విశాఖపట్నంలో ఓడలకు కావలసిన చాటును ఒక కొండ ఇచ్చింది.

సముద్రంలోకి చొచ్చుకువచ్చిన ఆ కొండ దూరం నుంచి డాల్ఫిన్ ముక్కులా కనిపిస్తుంది. అందుకే దానిని డాల్ఫిన్ నోస్ అంటారు. పూర్వం ఆ కొండ వెనుక ఉప్పుటేరు, చిత్తడినేల ఉండేవి. వాటిని తవ్వి లోపలి రేవును నిర్మించారు. ముఖద్వారం దగ్గర అలల ఉద్ధృతిని తగ్గించడానికి జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారిగా ఈ రేవులో ప్రవేశించింది. పెద్ద ఓడల కోసం 1976లో వెలుపలి రేవును ప్రారంభించారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం ఒడిశాలోని కోరాపుట్ కొండల మీదుగా రైలులో ఇక్కడికి చేరుతుంది.

రేవును చూడదలచినవారు మొదట పాత నగరానికి వెళ్లడం మంచిది. రైల్వేస్టేషను నుంచి ఆటోలో త్వరగానే చేరవచ్చు. అక్కడ రేవు కాలువను ఆనుకొని మూడు చిన్న కొండలు ఉన్నాయి. ఒక కొండపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒక కొండపై మేరీమాత చర్చి, మరొక కొండపై దర్గా ఉన్నాయి. ఓడలు కాలువ గుండా లోపలికి వచ్చే దారి ఈ కొండల మీది నుంచి కనిపిస్తుంది. రేవులోకి, నౌకాదళ స్థావరంలోకి మాత్రం అనుమతి లేనిదే ఎవరినీ పోనివ్వరు. ఓడలను తయారుచేసే కర్మాగారం కూడా ఈ రేవులోనే ఉంది. అక్కడ నిర్మించిన జల ఉష అనే ఓడ 1948లో జలప్రవేశం చేసింది.

రేవుకు పక్కనే చేపల రేవు ఉంది. తెల్లవారుజామున వెళితే మరబోట్ల నుంచి చేపలు దించడం, వేలం పాడడం, ఆడవారు గంపలతో అమ్మకానికి బయలుదేరడం చూడవచ్చు. అక్కడి నుంచి ఉత్తరంగా సాగే బీచ్ రోడ్డు రామకృష్ణా బీచికి చేరుస్తుంది. దారి పొడవునా కుడివైపు సముద్రమే. ఒడ్డున కురుసుర అనే జలాంతర్గామి కనిపిస్తుంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన దీనిని 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. ఇరుకైన ఆ గదులలో నడిచినవారికి నావికుల జీవితం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇంకా ఉత్తరాన తెన్నేటి పార్కు ఉంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒకటి గాలివానలో లంగరు పట్టు తప్పి ఆ పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకువచ్చింది. చాటులేని చోట ఓడకు కలిగే ముప్పు ఎటువంటిదో ఈ సంఘటన తెలుపుతుంది.

అయితే ఓడలకు చాటు కల్పించడం వల్ల తీరానికి ఒక చిక్కు వచ్చింది. సముద్రపు ఒడ్డున ఇసుక ఒకేచోట నిలిచి ఉండదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి, ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. పాత ఇసుక పోయినా కొత్త ఇసుక చేరుతుంది కాబట్టి ఒడ్డు నిలుస్తుంది. రేవు అడ్డుగోడలు ఆ ఇసుకను దక్షిణానే ఆపివేస్తాయి. అందువల్ల ఉత్తరాన ఉన్న బీచి కోతకు గురవుతుంది. ఒడ్డు తగ్గితే రోడ్డుకు ప్రమాదం. పడవలు లాగి నిలుపుకొనే, వలలు ఆరబెట్టుకొనే జాలరులకు చోటు కరవవుతుంది. అందుకే రేవు దగ్గర మేట వేసిన ఇసుకను డ్రెడ్జర్లతో తీసి, తిరిగి బీచిలో పోస్తుంటారు. ఇది ఒకసారి చేసి వదిలివేసే పని కాదు.

ఇక్కడి అలలు, లోపలి ప్రవాహాలు బలమైనవి. ఈత వచ్చినవారు కూడా కాలు జారి కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఒడ్డున నిలిచి చూడడమే క్షేమం. కాగితాలు, ప్లాస్టిక్ సంచులు ఇసుకలో పారవేయరాదు.

ఓడలవారు, జాలరులు, నావికులు, యాత్రికులు ఒకే తీరాన్ని పంచుకుంటున్నారు. ఒకరి మేలు కోసం కట్టిన గోడ మరొకరికి నష్టం కలిగించవచ్చు. ఆ నష్టాన్ని గమనించి ఎప్పటికప్పుడు సరిచేస్తేనే రేవూ నిలుస్తుంది, తీరమూ నిలుస్తుంది.