మద్దెలే ఓడైతే

కొడవలి పిడిని ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? అది పిడికిట్లో ఇమిడేటంత లావుగా ఉంటుంది. ఎక్కడ పట్టుకోవాలో, పదును ఏ వైపుందో ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్ళ బిందెను చూడండి. మెడ సన్నగా ఉంటుంది కాబట్టి నీళ్ళు అంతగా తొణకవు. చంకనెత్తుకొన్నప్పుడు చేయి ఆ మెడ చుట్టూ చక్కగా పడుతుంది. తరతరాలుగా వాడినవారి చేతులే ఇటువంటి వస్తువులను తీర్చిదిద్దాయి. ఒక వస్తువు ఎలా ఉండాలో, ఎలా పనిచేయాలో ముందుగా ఆలోచించి నిర్ణయించడాన్ని రూపకల్పన అంటారు. మంచి రూపకల్పన గల వస్తువు తనను ఎలా వాడాలో తానే చెబుతుంది.

మన ఇళ్ళలోకి వచ్చిన యంత్రాలన్నీ అలా చెప్పవు. వాటి పని ఒక పెట్టె లోపల, మన కంటికి కనబడకుండా సాగుతుంది. బయట కనిపించేవి కొన్ని బటన్లు, ఒకటి రెండు దీపాలు మాత్రమే. ఏదో నొక్కుతాం, మరేదో జరుగుతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు “నాకు ఇవన్నీ తెలియవమ్మా” అని తప్పును తమమీద వేసుకొంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మనకొక సామెత ఉంది. చేతకానివాడు పనిముట్టుకు వంక పెడతాడని దాని భావం. కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. అది ఎలా తెలుసుకోవాలి? ఇందుకు సినిమాల డిస్కులను ఆడించే యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొందాం.

సినిమాను ఇంట్లో డిస్కు మీద చూసే ఏర్పాటు 1978లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దాని పేరు లేజర్ డిస్క్. దాని వ్యాసం 30 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు అన్నం కంచమంత. ఒక్కో వైపు ఎక్కువలో ఎక్కువ 60 నిమిషాల బొమ్మ పట్టేది. గంట కాగానే లేచి డిస్కును తిరగవేయాలి. 1993లో 12 సెంటీమీటర్ల వీడియో సి.డి. వచ్చింది. దానిలో పట్టేది 74 నిమిషాలు. మన సినిమా రెండున్నర గంటలు. అందువల్ల ఒక సినిమాకు రెండు, ఒక్కొక్కప్పుడు మూడు డిస్కులు అవసరమయ్యేవి. 1996 నవంబరులో జపానులో డి.వి.డి. విడుదలైంది. పరిమాణం మారలేదు కాని, చాలా సినిమాలు ఒకే డిస్కులో ఇమిడిపోయాయి. 2006లో ఇంకా స్పష్టమైన బొమ్మనిచ్చే బ్లూ రే డిస్కు వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది సినిమాలను ఫోనులోనో, ఇంటర్నెట్ ద్వారా టీవీలోనో చూస్తున్నారు. అయినా ఆ డిస్కులూ, యంత్రాలూ ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. అవి పెట్టిన చికాకులను పరిశీలిస్తే మూడు రకాలు కనిపిస్తాయి. ప్రకృతి నియమం వల్ల తప్పనివి కొన్ని, అశ్రద్ధ వల్ల వచ్చినవి కొన్ని, కావాలని పెట్టినవి కొన్ని.

మొదటి రకాన్ని చూద్దాం. డి.వి.డి. మీద సమాచారమంతా కంటికి కనబడని సన్నని గుంటల రూపంలో ఉంటుంది. ఆ గుంటల వరుస డిస్కు మధ్యనుంచి మొదలై, చక్రాల మురుకులాగ చుట్టలు చుట్టుకొంటూ అంచు దాకా వెళ్తుంది. ఒక చుట్టకూ మరో చుట్టకూ నడుమ దూరం 0.74 మైక్రోమీటరు. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఆ చుట్టను విప్పి చాచగలిగితే సుమారు 12 కిలోమీటర్ల పొడవుంటుంది! దీనిని 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని లేజర్ కిరణం చదువుతుంది. లోపలి చుట్టలు చదివేటప్పుడు డిస్కు నిమిషానికి సుమారు 1400 సార్లు తిరుగుతుంది. వెలుపలి చుట్టలకు వచ్చేసరికి ఆ వేగం 600 లోపుకు తగ్గుతుంది.

పెద్ద సినిమాలకు ఒక పొర చాలదు. అందుచేత చాలా డిస్కులలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పొరలుంటాయి. వాటి నడుమ దూరం ఇంచుమించు తలవెంట్రుక మందమంత. మొదటి పొర పూర్తికాగానే కిరణం రెండో పొర మీద తిరిగి గురి కుదుర్చుకోవాలి. ఆ క్షణంలో కొన్ని యంత్రాలలో బొమ్మ ఒక్కసారి ఆగి మళ్ళీ కదులుతుంది. డిస్కు పాడయిందని చూసేవారు కంగారు పడతారు. నిజానికి ఏమీ పాడు కాలేదు. ఈ ఆటంకాన్ని పూర్తిగా తొలగించడం కష్టమే కాని, కనబడకుండా చేయవచ్చు. ముందుగానే కొంత సమాచారాన్ని చదివి జ్ఞాపకంలో దాచుకొనే యంత్రాలలో ఆ విరామం తెలియదు. డిస్కు తయారుచేసేవారు పొర మారే చోటును ఒక దృశ్యం ముగిసి మరొకటి మొదలయ్యే తావులో ఉంచినా సరిపోతుంది. తప్పని ఇబ్బందిని కూడా తగ్గించవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక రెండవ రకం. ఇవి అశ్రద్ధ వల్ల పుట్టినవి. మొదట రిమోటునే తీసుకోండి. నలభైకి పైగా బటన్లున్న రిమోట్లు అరుదు కాదు. అన్నీ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో, బియ్యపు గింజలు చల్లినట్లు ఉంటాయి. వాటిమీది అక్షరాలు పగటి వెలుగులోనే సరిగా ఆనవు. మరి సినిమా చూసేవారు దీపాలార్పి కూర్చుంటారు కదా! చీకట్లో వేళ్ళు కళ్ళ పని చేయాలి. ఎక్కువగా వాడే బటన్ పెద్దదిగా, వేరే ఆకారంలో ఉంటే వేలు దాన్ని ఇట్టే పోల్చుకొంటుంది. చాలా ఫోన్లలోను, రిమోట్లలోను 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. చూపు లేనివారు సైతం దాన్ని తాకి మిగిలిన అంకెల చోటు తెలుసుకోగలరు. ఆ బొడిపెకు అయ్యే ఖర్చు చాలా స్వల్పం. దానివల్ల కలిగే మేలు మాత్రం చాలా పెద్దది.

ట్రే బయటికి రావడానికి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కగానే కొన్ని యంత్రాలలో కాసేపు ఏమీ జరగదు. లోపల వేగంగా తిరుగుతున్న డిస్కు ముందు ఆగాలి కదా! ఆ సంగతి యంత్రానికి తెలుసు, మనకు తెలియదు. నొక్కింది అందలేదేమోనని మళ్ళీ నొక్కుతాం. ట్రే బయటికి వచ్చి వెంటనే లోపలికి పోతుంది. “విన్నాను, వస్తున్నాను” అన్నట్లు ఒక చిన్న దీపం వెలిగితే ఈ తికమక ఉండదు. మనం పిలిచినప్పుడు ఎదుటివారు “ఆఁ” అంటే చాలు, రెండోసారి పిలవం. యంత్రం కూడా అంతే.

ఆపే బటన్ మరో చిక్కు తెస్తుంది. చాలా యంత్రాలలో దాన్ని ఒకసారి నొక్కితే సినిమా ఆగిన చోటు గుర్తుంటుంది. రెండుసార్లు నొక్కితే ఆ గుర్తు చెరిగిపోయి, సినిమా మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. గుర్తుంచుకోవడం, మరచిపోవడం ఒకదానికొకటి వ్యతిరేకమైన పనులు. రెండింటినీ ఒకే బటన్‌కు అప్పగించి, ఆ సంగతి ఎక్కడో పుస్తకంలో రాసిపెడితే ప్రయోజనమేమిటి?

ముందు భాగాన వెలిగే నీలి దీపం సంగతి ఇంకా విచిత్రమైనది. ప్రకాశవంతమైన నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని తయారు చేయడం శాస్త్రజ్ఞులకు చాలాకాలం సాధ్యం కాలేదు. దాన్ని సాధించినందుకు అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు ఆ కృషి ఫలితమే. అంత గొప్ప దీపాన్ని సినిమా చూసే యంత్రం ముందు, కంట్లోకి సూటిగా పడేటట్లు అమర్చారు. చీకటికి అలవాటుపడిన కన్ను ఎరుపుకంటె నీలానికి ఎక్కువగా స్పందిస్తుంది. అందుకే ఆ దీపం మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించినవారున్నారు. వస్తువు గొప్పదైనా తగిన చోట లేకపోతే బాధే కలిగిస్తుంది.

ఇటువంటి విషయాలను అమెరికా శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ నార్మన్ 1988లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. నెట్టవలసిన తలుపుకు లాగే పిడి పెడితే జనం లాగుతారు, అది జనం తప్పు కాదు, తలుపు తప్పు అని ఆయన వాదం. చేయగల పని కంటికి కనబడాలి, చేసిన పనికి వెంటనే జవాబు రావాలి, బటన్‌కూ అది చేసే పనికీ పొంతన కుదరాలి. పైన చెప్పుకొన్న చికాకులన్నింటిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించింది.

మూడవ రకం చికాకులు కావాలని పెట్టినవి. డి.వి.డి.ల అమ్మకం కోసం ప్రపంచాన్ని ఆరు మండలాలుగా విభజించారు. అమెరికా, కెనడాలు 1వ మండలం. భారతదేశం 5వ మండలం. అమెరికాలో ఉన్న బంధువులు 1వ మండలపు డిస్కును కానుకగా పంపితే, 5వ మండలానికే పరిమితమైన యంత్రం దాన్ని ఆడించదు. డిస్కూ బాగానే ఉంటుంది, యంత్రమూ బాగానే ఉంటుంది. ఒక్కో దేశంలో సినిమా ఒక్కో తేదీన విడుదలయ్యేది. ఒక దేశపు డిస్కులు మరో దేశపు వ్యాపారాన్ని దెబ్బతీయకూడదని నిర్మాతలు పెట్టుకొన్న కట్టడి ఇది. బ్లూ రే వచ్చేసరికి ఆరు మండలాలు మూడయ్యాయి. అన్ని మండలాలలోను ఆడే డిస్కులు కూడా ఉన్నాయి. అలాగే సినిమాకు ముందు హెచ్చరిక వచ్చినప్పుడు మనం ముందుకు జరిపే బటన్ నొక్కినా యంత్రం వినదు. ఆ సమయంలో బటన్‌ను పట్టించుకోవద్దని డిస్కులోనే రాసి ఉంటుంది. రచయితల, నిర్మాతల హక్కులు కాపాడవలసినవే. కాని దొంగ ప్రతులలో తరచు ఆ హెచ్చరికే ఉండదు. డబ్బిచ్చి కొన్న నిజాయితీపరుడే దాన్ని ప్రతిసారీ చూడవలసి వస్తుంది. ఇది ఆలోచించవలసిన విషయం.

చివరగా మనకు సంబంధించిన సంగతి ఒకటి. ఒక డి.వి.డి.లో 8 భాషల మాటలను, 32 భాషల సబ్‌టైటిల్స్‌ను చేర్చడానికి చోటుంది. భాష ఎంచుకొనే పట్టికలో మాత్రం తరచుగా ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు వంటి కొన్ని పేర్లే కనిపిస్తాయి. తెలుగు ఉండదు. “ఇతర భాషలు” అన్న చోటికి వెళ్ళి నాలుగంకెల సంఖ్య ఒకటి నొక్కాలి. ఆ సంఖ్య యంత్రంతో వచ్చిన పుస్తకం చివరి పుటలలో ఉంటుంది. కొన్ని యంత్రాలలో తెలుగు సంఖ్య 8469. ఇది ఎలా వచ్చిందో తెలుసా? అంతర్జాతీయ పద్ధతిలో తెలుగు భాషకు గుర్తు ‘టీ, ఈ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో పెద్ద ‘ఏ’ అక్షరానికి 65, ‘బీ’కి 66, ఇలా వరుసగా సంఖ్యలుంటాయి. ఆ లెక్కన ‘ఈ’కి 69, ‘టీ’కి 84. రెండూ కలిపి రాస్తే 8469. కన్నడం గుర్తు ‘కే, ఎన్’ కాబట్టి దాని సంఖ్య 7578.

బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఉన్న తెలుగు ఇంట్లో అవ్వ తన భాషలో సినిమా చూడాలనుకొంటే ఈ సంఖ్య తెలిసి ఉండాలి. యానాంలోనైనా అంతే. డిస్కులో తెలుగు ఉన్నా, ఆమె చేతికి అందదు. యంత్రంలో చోటు లేక కాదు, ఆమె కూడా వాడుతుందని తయారుచేసినవారికి తట్టక. చెవులు వినబడనివారికి సబ్‌టైటిల్స్ ఎంత అవసరమో, ఆమెకు ఆ పట్టికలో తన భాష పేరు అంత అవసరం.

కాబట్టి ఏదైనా వస్తువు మీ మాట విననప్పుడు సిగ్గుపడకండి. ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఎక్కడ పొరబాటు పడ్డారు అని మూడు ప్రశ్నలు వేసుకోండి. పదిమందీ అదే చోట పొరబడుతుంటే లోపం వస్తువులోనే ఉందని గ్రహించండి. రేపు మీలో కొందరు ఇంజనీర్లు కావచ్చు, వడ్రంగులు కావచ్చు, దర్జీలు కావచ్చు. మీరు తయారుచేసే వస్తువును చీకట్లో తడుముకొనే చేయి ఒకటి, మీ భాష రాని మనిషి ఒకరు, చూపు తగ్గిన ముసలివారు ఒకరు వాడతారని గుర్తుంచుకోండి.

అభ్యాసం

1. మంచి రూపకల్పన గల వస్తువు లక్షణమేమిటి? పాఠంలో లేని రెండు ఉదాహరణలు ఇవ్వండి.
2. రెండు పొరల డిస్కులో బొమ్మ క్షణకాలం ఎందుకు ఆగుతుంది?
3. పాఠంలో చెప్పిన మూడు రకాల చికాకులకు గల భేదాన్ని మీ మాటల్లో రాయండి.
4. “ఆడలేక మద్దెల ఓడన్నట్లు” అనే సామెత భావాన్ని వివరించండి. ఈ పాఠానికి ఆ సామెత ఎంతవరకు సరిపోతుంది?
5. తమిళానికి గుర్తు ‘టీ, ఏ’. మరాఠీకి గుర్తు ‘ఎమ్, ఆర్’. పాఠంలో చెప్పిన లెక్క ప్రకారం ఆ భాషల సంఖ్యలు కనుక్కోండి.
6. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడలేక ఇబ్బందిపడే వస్తువు ఒకటి గుర్తించండి. దానిలోని లోపాన్ని, మీకు తోచిన మార్పును పది వాక్యాలలో రాయండి.