లఘు పరిశోధనా ప్రసంగ పురస్కారాలు

లఘు పరిశోధనా ప్రసంగ పురస్కారాలు అనగా శాస్త్ర సమావేశాలలో, ముఖ్యంగా జీవశాస్త్ర సమావేశాలలో, తమ పరిశోధనను కొద్ది నిముషాల ప్రసంగంగా గాని, పోస్టరు రూపంలో గాని సమర్పించిన విద్యార్థులకు, యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే బహుమతులు. ఇవి ఒక ఆవిష్కరణకు గాని, జీవితకాలపు కృషికి గాని ఇచ్చేవి కావు. ఆ రోజు, ఆ వేదికపై, తన పని గురించి ఏమీ తెలియని శ్రోతకు పరిశోధకుడు దానిని ఎంత స్పష్టంగా, ఎంత నిజాయితీగా చెప్పగలిగాడన్నదే ఇక్కడ కొలమానం. నగదు సాధారణంగా స్వల్పం. ఒక ప్రశంసాపత్రం, ఒక్కొక్కసారి ప్రయాణ ఖర్చులకు కొంత సహాయం, అంతే. అయినప్పటికీ, ఇంకా ఒక్క పరిశోధనా పత్రమైనా ప్రచురించని విద్యార్థి పేరు సొంత ప్రయోగశాల వెలుపల వినబడే మొదటి సందర్భం చాలాసార్లు ఇదే అవుతుంది. వేరొక దేశంలో తదుపరి పరిశోధనకు అవకాశం వెదుక్కునే వారికి దీని విలువ నగదుతో తూచేది కాదు.

నేపథ్యం

1914 జనవరిలో కలకత్తాలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ మొదటి సమావేశానికి 105 మంది శాస్త్రవేత్తలు హాజరయ్యారు. సమర్పించిన పత్రాలు 35. అంత చిన్న సభలో వక్తకు కావలసినంత సమయం ఇవ్వవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు, మధ్యాహ్నం భోజనం దగ్గర చర్చ కొనసాగించవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జీవరసాయన శాస్త్రం, అణు జీవశాస్త్రం శరవేగంగా పెరగడంతో ఈ పద్ధతి సాగలేదు. వందల కొద్దీ పత్రాలు వచ్చిపడ్డాయి. ఒకే సమయంలో అనేక గదులలో పది నిముషాల ప్రసంగాలు నడిపినా అందరికీ చోటు చాలలేదు. ఒక గదిలో ఉన్నవారికి పక్క గదిలో ఏం జరుగుతున్నదో తెలియని స్థితి ఏర్పడింది.

దీనికి విరుగుడుగా పుట్టినదే పోస్టరు పద్ధతి. ఫెబ్స్ అని పిలిచే ఐరోపా జీవరసాయన సంఘాల సమాఖ్య 1969లో మాడ్రిడ్ నగరంలో జరిపిన సమావేశంలో దీనిని ప్రవేశపెట్టారు. అమెరికాలో 1974లో మినియాపొలిస్ నగరంలో జరిగిన జీవరసాయన, జీవభౌతిక శాస్త్రవేత్తల సమావేశం దీనిని అనుసరించింది. పరిశోధకుడు తన పటాలను, పట్టికలను ఒక బల్లకు అతికించి దాని పక్కన నిలబడతాడు. ఆసక్తి ఉన్నవారు ఆగి వింటారు, లేనివారు ముందుకు సాగిపోతారు. చూడటానికి తిరునాళ్ళలా ఉన్నా, పెద్ద గదిలో చేయెత్తి ప్రశ్న అడగడానికి జంకే విద్యార్థి ఇక్కడ నిస్సంకోచంగా అడగగలడు. చెప్పేవాడు కూడా ఒకే విషయాన్ని పదిమందికి పది విధాలుగా చెప్పి, పదకొండవ సారికి తన పనిని తానే కొత్తగా అర్థం చేసుకుంటాడు.

అయితే పోస్టరు అంటే ప్రసంగానికి ఎంపిక కానివారికి ఇచ్చే రెండవ పీట అనే భావన చాలా కాలం ఉండేది, ఇప్పటికీ కొంత ఉంది. పోస్టర్లకు విడిగా బహుమతులు ఏర్పరచడం, ఎంపిక చేసిన పోస్టర్ల రచయితలను ఒకటి రెండు నిముషాలు వేదికపైకి పిలవడం ఈ చులకన భావాన్ని కొంతవరకు తగ్గించాయి. ఇలాంటి అతి చిన్న ప్రసంగాలను ఫ్లాష్ టాక్, లైట్నింగ్ టాక్, స్పీడ్ టాక్ అని పలు పేర్లతో పిలుస్తారు. సాధారణంగా ఒకే స్లైడు, ఒకటి నుండి ఐదు నిముషాల వ్యవధి ఉంటాయి. వక్త చెప్పేది ముగింపు కాదు, ఆహ్వానం. "మిగిలినది నా పోస్టరు దగ్గర చెబుతాను" అన్నదే దాని సారం.

శాస్త్ర సమావేశాలకు వెలుపల పుట్టిన పద్ధతులు కూడా ఇందులో కలిశాయి. 2003లో టోక్యోలో మొదలైన పెచకుచలో 20 స్లైడ్లు, ఒక్కొక్కదానికి 20 సెకండ్లు. 2006లో సియాటిల్‌లో మొదలైన ఇగ్నైట్‌లో 20 స్లైడ్లు, ఒక్కొక్కదానికి 15 సెకండ్లు. స్లైడ్లు వాటంతట అవే మారిపోతాయి కనుక వక్త సాగదీయడానికి వీలుండదు.

అమెరికా జీవావరణ సంఘం పురస్కారాలు

ఈ కోవకు చెందిన పురస్కారాలలో బాగా నిలదొక్కుకున్నవి అమెరికా జీవావరణ సంఘం తన వార్షిక సమావేశంలో విద్యార్థులకు ఇచ్చే రెండు పురస్కారాలు. ఉత్తమ ప్రసంగానికి ఇచ్చేది మర్రే బ్యూయెల్ పురస్కారం. ఉత్తమ పోస్టరుకు ఇచ్చేది లూసీ బ్రౌన్ పురస్కారం. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించిన బ్యూయెల్, విద్యార్థులు సమావేశాలలో పాల్గొనాలని, పత్రాన్ని చక్కగా చదవడం కూడా శాస్త్రంలో భాగమేనని గట్టిగా నమ్మిన వ్యక్తి. లూసీ బ్రౌన్ (1889–1971) ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని ఆకురాల్చే అడవులను కాలినడకన పరిశీలించి పటాలు గీసిన శాస్త్రవేత్త. 1950లో ఆ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు. పటం గీసి చూపిన వ్యక్తి పేరు పోస్టరు బహుమతికి పెట్టడం ఎంతో సముచితంగా ఉంది.

ఈ రెండు పురస్కారాలకు చూసే అంశాలు ఇవి: ఆలోచనల ప్రాముఖ్యం, సృజనాత్మకత, పద్ధతి నాణ్యత, ఫలితాల నుండి తీసిన నిర్ధారణలు ఎంతవరకు చెల్లుతాయన్నది, చివరగా సమర్పణలోని స్పష్టత. ఐదింటిలో నాలుగు శాస్త్రానికి సంబంధించినవి, ఒక్కటే చెప్పే తీరుకు సంబంధించినది. ఈ విషయం విద్యార్థులు గమనించదగినది. రంగుల పోస్టరు, తడబాటు లేని మాట ఉన్నంత మాత్రాన బహుమతి రాదు.

త్రీ మినిట్ థీసిస్

మూడు నిముషాల సిద్ధాంత వ్యాసం అని చెప్పదగిన ఈ పోటీ 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇది జీవశాస్త్రానికే పరిమితం కాదు గాని, జీవశాస్త్ర సమావేశాలలోని లఘు ప్రసంగాలపై దీని ప్రభావం చాలా ఉంది. దీని పుట్టుక కథ కొంత వింతగా ఉంటుంది. ఆ రోజులలో క్వీన్స్‌లాండ్‌లో తీవ్రమైన కరువు. స్నానం మూడు నిముషాలలో ముగించడానికి వీలుగా ప్రజలు స్నానాల గదులలో ఇసుక గడియారాల వంటివి పెట్టుకొనేవారు. వాటిని చూసిన ఆ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థుల విభాగం అధిపతికి ఈ ఆలోచన కలిగింది. మొదటి పోటీలో 160 మంది పాల్గొన్నారు. 2010 నాటికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విశ్వవిద్యాలయాల మధ్య పోటీగా మారి, తరువాత అనేక దేశాలకు వ్యాపించింది.

నియమాలు కఠినమైనవి. కదలికలు లేని ఒకే ఒక్క స్లైడు చూపవచ్చు. ధ్వని, దృశ్య ముద్రికలు గాని, చేతిలో వస్తువులు గాని ఉండకూడదు. పద్యం, పాట పనికిరావు, మాట మాత్రమే. మూడు నిముషాలు దాటితే అనర్హులు. 80,000 పదాల సిద్ధాంత వ్యాసాన్ని బిగ్గరగా చదవడానికి తొమ్మిది గంటలు పడుతుందని నిర్వాహకులు చెబుతారు. అదే వేగంతో మూడు నిముషాలలో పలకగలిగేవి సుమారు 440 పదాలే. అంటే వ్యాసంలో సుమారు ప్రతి నూట ఎనభై పదాలకు ఒక్క పదం మిగులుతుందన్న మాట. ఏది వదలాలో తెలిసినవాడే ఇక్కడ నెగ్గుతాడు. న్యాయనిర్ణేతలు విషయాన్ని, శ్రోతను ఆకట్టుకొన్న తీరును రెండింటినీ చూస్తారు. పరిశోధనను తేలిక చేసి పలచబరచలేదు కదా అన్నది కూడా వారి ప్రశ్నలలో ఒకటి.

ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ సైన్స్ ఉత్సవంలో 2005లో మొదలైన ఫేమ్‌ల్యాబ్ కూడా మూడు నిముషాల పోటీయే. అందులో స్లైడ్లు ఉండవు గాని, చేతిలో పట్టుకొని చూపే వస్తువులను అనుమతిస్తారు.

ఒక ఉదాహరణ

మూడు నిముషాలలో నిజమైన శాస్త్రం చెప్పడం సాధ్యమా అనే సందేహం సహజం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పనిని తీసుకొని చూద్దాము. ఆ రోజులలో ఇలాంటి పోటీలు లేవు. కాని వారి పనిని ఇలా చెప్పవచ్చు.

మొదట ప్రశ్న. కండరం సంకోచించడానికి శక్తి ఎక్కడిది? 1920లలో లాక్టిక్ ఆమ్లమే దీనికి మూలమని భావించేవారు. తరువాత పద్ధతి. ఫిస్కే, సుబ్బారావులు 1925లో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే సులభమైన పద్ధతిని ప్రచురించారు. ద్రావణంలో ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే నీలి రంగు అంత చిక్కగా వస్తుంది. ఆపై వింత. కండరం నుండి తీసిన ద్రావణంలో రంగు రావలసినంత త్వరగా రాలేదు, ఆలస్యంగా పెరుగుతూ పోయింది. దానిని పొరపాటని కొట్టిపారవేయక వెంబడించగా, అంతవరకు స్వేచ్ఛగా ఉన్నదనుకొన్న ఫాస్ఫేటులో ఎక్కువ భాగం క్రియాటిన్ అనే పదార్థంతో బంధింపబడి ఉన్నదని, పరీక్షకు వాడే ఆమ్ల ద్రావణంలో అది మెల్లగా విడిపోతున్నదని తేలింది. ఇదే ఫాస్ఫోక్రియాటిన్. చివరగా అర్థం. కండరం పనిచేసినప్పుడు ఇది తరిగిపోతుంది, విశ్రాంతిలో మళ్ళీ ఏర్పడుతుంది. కనుక ఇది శక్తి నిలువకు సంబంధించినది. 1927లో వారు దీనిని సైన్స్ పత్రికలో చిన్న వ్యాసంగానే ప్రకటించారు.

ఒకే స్లైడు చూపాలంటే ఏది చూపాలి? కాలంతో పాటు రంగు పెరిగే రెండు గీతలు, ఒకటి మామూలు ఫాస్ఫేటుది, రెండవది కండర ద్రావణానిది. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీయే మొత్తం కథ. రసాయనాల జాబితా, పరికరాల పేర్లు, మార్గదర్శి పేరుకు ముందు బిరుదులు, ఇవన్నీ పోస్టరుకో పత్రానికో వదలివేయవచ్చు.

ఎంపిక విధానం

విద్యార్థి తన పత్ర సారాంశాన్ని పంపేటప్పుడే పోటీలో ఉంటానని తెలపాలి. సాధారణంగా పత్రంలో మొదటి రచయితగా ఉండటం, స్వయంగా సమర్పించడం తప్పనిసరి. ప్రతి పోస్టరును కనీసం ఇద్దరు ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండా చూసి మార్కులు వేస్తారు. తన విద్యార్థికి, తన సహరచయితకు మార్కులు వేయకూడదన్నది మొదటి నియమం. కొందరు నిర్ణేతలు చేయి బిగించి, కొందరు ధారాళంగా మార్కులు వేస్తారు కనుక ఒకరి మార్కులను మరొకరి మార్కులతో సరిపోల్చి సవరించడం మంచి పద్ధతి. అన్ని చోట్లా ఇది జరగదు.

నిజమైన పరీక్ష ప్రశ్నల దగ్గరే జరుగుతుంది. "పోలికకు ఉంచుకొన్న సమూహం ఏది?", "పటంలో ఈ నిలువు గీతలు ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా?", "మూడు ఎలుకలపై మూడుసార్లు కొలిచారా, తొమ్మిది ఎలుకలపై ఒకసారి కొలిచారా?" వంటి ప్రశ్నలకు తడుముకొనే పోస్టరు ఎంత అందంగా ఉన్నా వెనుకబడుతుంది. "ఇది నాకు తెలియదు, దీనిని ఇలా పరీక్షించవచ్చు" అని చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గవు, పెరుగుతాయి. తరగతి గదిలో జవాబుల తాళ్ళు దిద్దినవారికి ఈ సంగతి కొత్త కాదు.

2019లో అమెరికాలో మైక్ మోరిసన్ అనే మనస్తత్వశాస్త్ర పరిశోధక విద్యార్థి, పోస్టర్లలో అక్షరాలు కిక్కిరిసి ఎవరూ చదవలేకపోతున్నారని, నడిమధ్యన ముఖ్య ఫలితాన్ని ఒకే వాక్యంగా పెద్ద అక్షరాలలో రాయాలని సూచించాడు. ఈ నమూనా త్వరగా వ్యాపించింది. ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలుగాని ఫలితాలను ఇది బలవంతంగా కుదిస్తుందని ఆక్షేపించినవారు కూడా ఉన్నారు.

భారతదేశంలో

భారత సైన్స్ కాంగ్రెస్ సంఘం 1981లో యువ శాస్త్రవేత్త పురస్కారాన్ని ఏర్పరచింది. 32 ఏళ్ళ లోపువారు పంపిన పత్రాలలో ఎంపికైన కొద్దిమంది తమ విభాగపు నిర్ణేతల ఎదుట ప్రసంగించాలి. 25,000 రూపాయలు, ప్రశంసాపత్రం ఇచ్చేవారు. తరువాతి కాలంలో ఉత్తమ పోస్టరు బహుమతులను కూడా చేర్చారు. వృక్షశాస్త్రం, జంతు పశువైద్య మత్స్య శాస్త్రాలు, వైద్యశాస్త్రం, వ్యవసాయ అటవీ శాస్త్రాలు, జీవరసాయన జీవసాంకేతికాలు కలిసిన నవ్య జీవశాస్త్రం, ఇలా జీవశాస్త్రాలకు అనేక విభాగాలు ఉండటం వలన ఈ రంగంలోని విద్యార్థులకు అవకాశాలు ఎక్కువగా ఉండేవి. ఈ సమావేశాలు 2006లో హైదరాబాదులో, 2008లో విశాఖపట్నంలో, 2017లో తిరుపతిలో జరిగాయి. 2023 జనవరిలో నాగపూర్‌లో 108వ సమావేశం జరిగింది. 2024 జనవరిలో జరుగవలసినది జరుగలేదు.

విమర్శలు

మొదటి విమర్శ భాషకు సంబంధించినది. మార్కుల పట్టికలో ఉచ్చారణకు ప్రత్యేకంగా గడి ఉండదు. అయినా ఆంగ్లంలో ధారాళంగా మాట్లాడేవారికి స్పష్టత అనే గడిలో నాలుగు మార్కులు ఎక్కువ పడతాయన్నది కాదనలేని విషయం. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, పరిశోధన దాకా వచ్చిన విద్యార్థి ఈ మూడు నిముషాలలో రెండు పరీక్షలు రాస్తున్నాడు. ముందుగా తెలుగులో తన పనిని ఇంట్లోవారికి చెప్పి, వారికి అర్థమైన క్రమంలోనే ఆంగ్లంలోకి తెచ్చుకోవడం ఉపయోగపడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పోస్టరు దగ్గర ఈ తేడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ పటం సగం మాట్లాడుతుంది.

రెండవది అతిశయోక్తి. ఎలుకలో కనిపించిన ఫలితాన్ని మూడు నిముషాలలో క్యాన్సరుకు మందుగా మార్చివేసే ప్రమాదం ఉంది. మూడవది పరిశోధన గోప్యత. ఇంకా ప్రచురించని ఫలితాన్ని, పేటెంటుకు దరఖాస్తు చేయని పద్ధతిని బహిరంగంగా చెప్పడం వలన తరువాత చిక్కులు రావచ్చు. పోటీకి పేరు ఇచ్చే ముందు మార్గదర్శిని అడగడం, పోస్టరును ఫోటో తీయడానికి అనుమతి ఉన్నదీ లేనిదీ ఒక మూలన రాసి ఉంచడం అవసరం. 2020లో కోవిడ్ వలన సమావేశాలు అంతర్జాలానికి మారి, ప్రసంగాలను ముందే చిత్రీకరించి పంపే పద్ధతి వచ్చిన తరువాత ఈ జాగ్రత్త మరింత ముఖ్యమైంది. గదిలో చెప్పిన మాట గదిలో ఉండిపోవచ్చు గాని, చిత్రీకరించినది అందరికీ అందుబాటులో ఉంటుంది.