మీకు తెలుసా? గోడ ప్లగ్గుతో స్టార్టయ్యే పెట్రోలు ఇంజను!

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో మంచు కురవదు. జనవరి తెల్లవారుజామున పది పన్నెండు డిగ్రీల చలి వేస్తే చాలు, ఇక్కడ మంకీ టోపీలు బయటికొచ్చేస్తాయి! కానీ పక్కనున్న ఐఐటీలో చదివి అమెరికా, కెనడా వెళ్ళిన మన పిల్లల ఇళ్ళలో ఓ వింత యంత్రం ఉంటుంది. దాని పేరు స్నో బ్లోయర్. వాకిట్లో పేరుకున్న మంచును కొరికి, గొట్టంలోంచి పక్కకు విసిరేస్తుంది. అంత చలిలో దాన్ని లేపడం ఉంది చూశారూ, అదో పెద్ద కథ!

● చాలా స్నో బ్లోయర్లకు సెల్ఫ్ స్టార్టరు ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఉండదు! మరి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటి గోడకున్న ప్లగ్గులోంచి. పొడుగాటి వైరు తగిలించి మీట నొక్కుతారు, ఇంజను అందుకోగానే వైరు పీకేసి వాకిట్లోకి తోసుకుపోతారు. అక్కడి గోడలో వచ్చేది 120 వోల్టులే. అదే మోటారును ముచ్చటపడి మన 230 వోల్టులకు పెట్టారో, మాడిపోతుంది!

● తాడు లాగి స్టార్ట్ చేసే పాత యంత్రానికీ ఈ సెల్ఫ్ బిగించుకోవచ్చు, కానీ ఇంజను ఫ్లైవీల్ (బరువు చక్రం) చుట్టూ పళ్ళుండాలి! మోటారు కొసనున్న బుల్లి పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకుంటేనే ఇంజను తిరుగుతుంది. కొన్ని ఇంజన్లకు పళ్ళూ, బోల్టుల చోటూ ముందే ఉంటాయి. అలాంటివాటికి మోటారు కొని బిగించడమే. పళ్ళు లేకపోతే ముందు ఫ్లైవీలే మార్చాలి.

● ఈ మోటారుకు ఒక్కసారికి ఐదారు సెకన్ల పని చాలు! అంతకు మించి నొక్కి పట్టుకుంటే వేడెక్కిపోతుంది కాబట్టి, మధ్యమధ్య దానికి కాస్త విశ్రాంతి ఇవ్వాలి.

● కారుకు సెల్ఫ్ స్టార్టరు ఇచ్చినాయన అంతకుముందు చేసింది కొట్లో డబ్బులు లెక్కపెట్టే గల్లాపెట్టె యంత్రానికి మోటారు! చార్లెస్ కెటరింగ్ అనే ఆ అమెరికన్ ఇంజనీరు పట్టుకున్న కిటుకు ఇదీ: రోజంతా తిరగనక్కర్లేదు, ఒక్క క్షణం పనిచేస్తే చాలనుకుంటే చిన్న మోటారైనా పెద్ద బలం చూపిస్తుంది. 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చాక డ్రైవర్లకు ముందుకెళ్ళి హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది.

● మీ కారు బ్యాటరీ మీద ‘సీసీఏ’ అన్న అంకె ఎప్పుడైనా చూశారా? సున్నాకు 18 డిగ్రీల కింది చలిలో, 30 సెకన్లపాటు ఆ బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. ఖరగ్‌పూర్ ఎన్నడూ ఎరగని చలికి పరీక్ష రాసి వచ్చిన బ్యాటరీ, మన దగ్గర మే నెల ఎండలో ఉడుకుతోందన్నమాట!

● నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ సున్నాకు 50 డిగ్రీల కిందా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయినది 10 డిగ్రీల కిందికే గడ్డకట్టవచ్చు! చార్జి దిగేకొద్దీ లోపలి ఆమ్లం పలచబడి నీళ్ళలా మారడమే కారణం.

● కారు బ్యాటరీలు మన తిరుపతి దగ్గరా తయారవుతాయి! అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన ఇంజనీరు గల్లా రామచంద్రనాయుడు 1985లో పెట్టిన అమరరాజా సంస్థదే అమరాన్ బ్యాటరీ.

● మెకానిక్ కొట్లో దొరికే 20డబ్ల్యూ-40 ఆయిల్‌ది కూడా బ్యాటరీ సీసీఏ వరసే: సున్నాకు 15 డిగ్రీల కింద చిక్కదనం పరీక్ష నెగ్గాలి! స్నో బ్లోయర్లలో ఎక్కువగా పోసే 5డబ్ల్యూ-30 రకానికైతే ఆ పరీక్ష సున్నాకు 30 డిగ్రీల కింద. చలికి ఆయిలు చిక్కబడితే తాడు లాగేవాడి భుజం ఊడొస్తుంది మరి.

● పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కిందా అంటుకునే ఆవిరి వదులుతుంది, కిరోసిన్‌కు మాత్రం 38 డిగ్రీల వేడైనా తగలాలి! కరెంటు పోయినప్పుడు కొట్ల ముందు భడభడమనే తాడు జనరేటర్లను గుర్తు చేసుకోండి. కిరోసిన్‌తో నడిచే రకమైనా లేచేది పెట్రోలుతోనే. రెండు మూడు నిమిషాలు పెట్రోలు మీద ఆడించి, ఇంజను వేడెక్కాక కాక్ తిప్పి కిరోసిన్‌కు మార్చేవారు. తొందరపడి ముందే తిప్పితే తెల్లపొగ, దగ్గు, మళ్ళీ తాడు!

● ఒక్క లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి! చలిలో పెట్రోలు చాలినంత ఆవిరి కాదు కనుక చోక్ లాగి కాసేపు ఆ గాలిని తగ్గిస్తాం, పెట్రోలు పాలు పెరిగి ఇంజను అందుకుంటుంది.

● బజాజ్ స్కూటర్‌ని పక్కకు వంచి కిక్కు కొట్టిన మొనగాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? నాన్నగారినో తాతగారినో అడగండి, తప్పకుండా నవ్వుతారు. అది ఉత్త నమ్మకం కాదు! బండి వంచితే కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు పొర్లి, లోపలికి కాస్త ఎక్కువగా పోతుంది, అంటే చోక్ చేసే పనే. ఎక్కువసేపు వంచితే మాత్రం ప్లగ్గు తడిసిపోతుంది. ఇక దాన్ని విప్పి, తుడిచి, ఎండలో పెట్టాల్సిందే.

● జర్మనీలో ఒకప్పుడు ట్రాక్టరు స్టార్ట్ చెయ్యాలంటే స్టీరింగు ఊడదీసేవారు! లాంజ్ బుల్‌డాగ్ ట్రాక్టరు తలను ముందు బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చి, ఊడదీసిన స్టీరింగును పక్కనున్న ఫ్లైవీల్‌లో గుచ్చి తిప్పేవారు.

● ఇంగ్లండువారిది ఇంకా విడ్డూరం, తూటా పేల్చేవారు! ఫీల్డ్ మార్షల్ ట్రాక్టరులో రాజుకునే కాగితం ముక్క ఒకటి దూర్చి, తుపాకీ తూటాలాంటి దాన్ని పెట్టి సుత్తితో కొడితే, ఆ గ్యాసు తోపుకు ఇంజను లేచేది.

● మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజనుకు విడిగా స్టార్టరు మోటారే లేదు! 64 వోల్టుల బ్యాటరీల కరెంటు పెద్ద జనరేటర్‌కే ఎదురెక్కించి, దాన్నే కాసేపు మోటారుగా మార్చి, 2,600 హార్స్‌పవర్ల ఇంజన్ని తిప్పేవారు. డీజిల్ ఇంజన్లు స్టేషన్లో పని లేకున్నా గంటల తరబడి గుడగుడమంటూ నిలబడేవి, గుర్తుందా? ఆపితే మళ్ళీ లేపడం బ్యాటరీలకు భారం, పైగా బ్రేకుల్లో గాలీ దిగిపోతుంది. ఖరగ్‌పూర్ షెడ్డులో పనిచేసిన శ్రీకాకుళం మావయ్యలను కదిపితే ఇంకో పది చెబుతారు.

● రైలు పట్టాల మీది మంచును తిరిగే చక్రంతో చిమ్మాలన్న ఆలోచన ఎవరిదో చెప్పుకోండి? ఓ పళ్ళ డాక్టరుది! టొరంటోకు చెందిన జె. డబ్ల్యూ. ఎలియట్ 1869లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. రోడ్డు మీద నడిచే స్నో బ్లోయర్‌ను కెనడాకే చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో తయారుచేశాడు.

● 2022 నవంబరులో అమెరికాలోని బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో ఒకే తుపానుకు 80 అంగుళాల మంచు కురిసింది, అంటే ఆరడుగుల మనిషి నిలువునా మునిగిపోయేంత!

● అదే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఒక్క అడుగు మంచు పడిందనుకోండి (పడదులెండి!). 2013 దాకా ప్రపంచంలోకెల్లా పొడవైన ఆ 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం 10 మీటర్ల వెడల్పు అనుకుంటే, ఎత్తిపోయాల్సిన కొత్త మంచు దాదాపు 327 టన్నులు. ఘనమీటరుకు వంద కిలోలు వేసి నేను కట్టిన లెక్క ఇది, కావాలంటే మీరూ కట్టి చూడండి!

● పాత బజాజ్ ఆటోను చేతిమీట లాగి స్టార్ట్ చేసేవారు. ఇప్పుడు ప్రేమ్ బజార్‌లో తిరిగే టోటోకు (బ్యాటరీ రిక్షాకు) స్టార్ట్ చెయ్యడమనేదే లేదు! కరెంటు మోటారు ఎంత చలిలోనైనా నిలబడ్డ చోటినుంచే తిరుగుతుంది.

● ఆఖరుగా ఇంట్లో జనరేటర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. నెలల తరబడి నిలవున్న పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కట్టేస్తుంది, చలికాలం మొరాయింపుల్లో చాలావాటికి అసలు దొంగ అదే! దాచేముందు పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా ఆరుబయట ఆడనివ్వండి. గదిలో మాత్రం ఎన్నడూ నడపకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.