రెండు మిల్లీమీటర్ల కొలత

నాంపల్లి చెంత రెడ్‌హిల్సులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిని నగరవాసు లెరుగుదురు. గర్భాశయ ముఖపు క్యాన్సరునకు రేడియోధార్మిక మూలమును లోపల నిలిపి చేయు చికిత్సలో, కిరణముల మోతాదును 2 సెంటీమీటర్ల దూరమున లెక్కింతురు. బెలూనుతో విప్పిన గుండె రక్తనాళము మరల పూడకుండ స్ట్రాన్షియం-90 నుంచు పద్ధతిని 2000లో అమెరికా అనుమతించినది. అందు ఆ దూరము 2 మిల్లీమీటర్లే!

మూలము ఒక్క మిల్లీమీటరు దగ్గరైనచో మొదటిచోట మోతాదు పదవ వంతు పెరుగును. నాళములో రెండింతలు దాటును. ఎక్కువైన గోడ చెడును, తక్కువైన నాళము పూడును. సాధారణ కొలత పరికరము లంత సన్నని చోట పనికిరావు. కావున నీటివంటి గుణముగల ప్లాస్టిక్కులో పలుచని ఫిల్మునుంచి, అది ఎంత రంగు తిరిగెనో చూచి మోతాదును నిర్ణయింతురు.

మందుపూత స్టెంట్లు వచ్చిన పిదప ఈ చికిత్స తగ్గినను, స్టెంటులో పదేపదే పూడిక ఏర్పడువారికి నేటికిని కొన్నిచోట్ల చేయుచున్నారు.