సెల్‌ఫోను ప్రసార సామర్థ్యం

సెల్‌ఫోను టవరుకు సంకేతాలు పంపేటపుడు వెలువరించే రేడియో తరంగాల సామర్థ్యాన్ని ప్రసార సామర్థ్యం అంటారు. దీని ప్రమాణం వాట్. గరిష్ఠ పరిమితి జీఎస్ఎమ్ 900 మెగాహెర్ట్‌జ్ బ్యాండులో 2 వాట్లు, 1800లో 1 వాట్, 4జీలో సాధారణంగా 0.2 వాట్. జీఎస్ఎమ్ ఫోను సంభాషణ కాలంలో ఎనిమిదో వంతు మాత్రమే ప్రసారం చేస్తుంది కనుక 2 వాట్ల సగటు 0.25 వాట్.

సంకేతం బాగా అందుతున్నపుడు టవరు ఆదేశాన్ని అనుసరించి ఫోను ఈ సామర్థ్యాన్ని తగ్గించుకొంటుంది. ఊళ్ళు దూరదూరంగా ఉండే అనంతపురం మెట్ట ప్రాంతం వంటి చోట్ల టవరు దూరమైనా, కొండ అడ్డు వచ్చినా గరిష్ఠానికి చేరువవుతుంది. బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఎక్కువ దూరం వ్యాపిస్తాయి కనుక అటువంటి చోట్ల 700, 900 బ్యాండులు అనుకూలం.

టవరు దగ్గరలో ఉంటే హాని అని పలువురు భావిస్తారు. కానీ టవరు దూరమైన కొద్దీ చెవి దగ్గర పెట్టుకొన్న ఫోను వికిరణమే పెరుగుతుంది. సంకేతం బలహీనంగా ఉన్నచోట ఇయర్‌ఫోను వాడటం మేలు.