ఫిలడెల్ఫియా మాటకు ఢిల్లీ అర్థం

ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్ సందుల్లో అద్దెకుండి సివిల్స్‌కి చదివే మన పిల్లల నోట్సుల్లో ఒక పేజీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాన్ఫెడరేషన్, ఫెడరలిజం, బిల్ ఆఫ్ రైట్స్, జుడీషియల్ రివ్యూ, డ్యూ ప్రాసెస్... మాట పక్కన అర్థం, మీద పసుపుపచ్చ హైలైటర్ గీత. మెయిన్స్‌లోకి 2013లో ప్రపంచ చరిత్ర వచ్చాక అమెరికా విప్లవాన్ని వదిలేసే వీల్లేకపోయింది. దాంతో బట్టీ పట్టేస్తున్నారు. కానీ ఈ మాటల మీద వాదోపవాదాలు జరిగింది అమెరికా రాజ్యాంగం రాసుకున్న ఫిలడెల్ఫియాలోనే కాదు. ఆటో ఎక్కితే చేరిపోయే పాత పార్లమెంటు సెంట్రల్ హాల్లోనూ జరిగాయి. అందులో మన తెలుగువాళ్ల గొంతులూ ఉన్నాయి.

1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ అక్కడే తొలిసారి కొలువుదీరింది. తాత్కాలిక అధ్యక్షుడు సచ్చిదానంద సిన్హా 1787 నాటి ఫిలడెల్ఫియా సమావేశాన్ని తలచుకుని, మిగతావాటికన్నా అమెరికా రాజ్యాంగం మీద ఎక్కువ దృష్టి పెట్టమని సభ్యులకు చెప్పారు. వాళ్లు పెట్టారు కూడా. అయితే తెచ్చుకున్న మాటను తెచ్చుకున్నట్టే వాడలేదు.

ఫిలడెల్ఫియా వాళ్ల అవసరం వేరు. 1781 నుంచి అమల్లో ఉన్న కాన్ఫెడరేషన్ ఒప్పందం ప్రకారం 13 రాష్ట్రాల కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారమే లేదు. యుద్ధం అప్పులు నెత్తి మీదున్నాయి. మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు తిరగబడ్డారు. అప్పుడు 55 మంది ప్రతినిధులు తలుపులు మూసుకుని దాదాపు నాలుగు నెలలు వాదించుకుంటే, చివరికి సంతకాలు పెట్టింది 39 మంది. అక్కడ రాష్ట్రాలు ముందు పుట్టాయి, దేశం తర్వాత. మన దగ్గర అలా కాదు. అందుకే ముసాయిదాను సభ ముందు పెడుతూ 1948 నవంబరు 4న అంబేడ్కర్ 'యూనియన్' అన్న మాటనే ఎందుకు ఎంచుకున్నారో విడమరిచి చెప్పారు. రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని కలిసింది కాదు కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ ఉండదు. ఈ సంగతి తేల్చుకోవడానికి అమెరికన్లు అంతర్యుద్ధమే చేయాల్సి వచ్చింది. ఆ తేడా సీట్లలోనూ కనిపిస్తుంది. అక్కడి సెనేట్‌లో పెద్ద కాలిఫోర్నియాకీ చిన్న వ్యోమింగ్‌కీ చెరి రెండు సీట్లు. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కి 31, ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7, సిక్కింకి ఒకటే.

అల్లాడి వద్దన్నారు, సుబ్బారావు తెచ్చారు

అన్నిటికన్నా ఎక్కువ రగడ 'డ్యూ ప్రాసెస్' మీద జరిగింది. 1791లో అమెరికా రాజ్యాంగానికి చేరిన ఐదో సవరణలో ఉందిది. న్యాయమైన ప్రక్రియ లేకుండా ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ హరించకూడదని దాని సారం. వినడానికి బంగారంలాంటి మాట. కానీ బేకరీ కార్మికుల చేత వారానికి 60 గంటలకు మించి పని చేయించకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని 1905లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది సరిగ్గా ఈ మాట పట్టుకునే.

1947 చివర్లో రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా వెళ్లినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఈ మాట జోలికి పోవద్దన్నట్టే మాట్లాడారు. ప్రజలెన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు అడ్డుకోవడం ప్రజాస్వామ్యం కాదన్నది ఆయన వాదన. దాంతో మన ముసాయిదాలో 'చట్టం నిర్దేశించిన ప్రక్రియ' అన్న పదబంధం చేరింది. అది జపాన్ 1946 రాజ్యాంగంలోది.

1948 డిసెంబరు 6న సభలో దీన్ని గట్టిగా సమర్థించినవారు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి, మద్రాసులో 15 ఏళ్లు అడ్వొకేట్ జనరల్‌గా చేసిన మనిషి. అమెరికా కోర్టులు ఈ మాటకు ఒక్కోసారి ఒక్కో అర్థం చెప్పి సంఘ సంస్కరణ చట్టాలకు అడ్డుపడ్డాయని ఆయన అభ్యంతరం. ఆ భయం ఉత్తదేం కాదు, అప్పటికి జమీందారీల రద్దు మన ముంగిట్లో ఉంది. కాకపోతే దాని ఖరీదు కట్టింది జమీందార్లు కాదు, విచారణ లేకుండా జైళ్లలో మగ్గినవాళ్లు. ఈ లోటు కొంతైనా పూడ్చాలని అంబేడ్కర్ 1949 సెప్టెంబరులో అరెస్టయినవారి రక్షణకు ఇంకో అధికరణం చేర్చారు. ఇప్పటి 22వ అధికరణం అదే. అయినా 1950లో ఎ.కె.గోపాలన్ కేసులో, చట్టం ఉంటే చాలు, అది న్యాయంగా ఉందో లేదో మేం చూడం అన్నట్టే సుప్రీంకోర్టు తేల్చింది.

మలుపు తిప్పడానికి పూనుకున్నదీ తెలుగాయనే. రాజమండ్రివాడైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఉత్తరప్రదేశ్ పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టడం, వెన్నంటి తిరగడం సబబేనా అన్నది ఖరక్ సింగ్ కేసు. రాత్రిపూట అలా ఇంటికి రావడం చెల్లదని 1962లో మెజారిటీ న్యాయమూర్తులు కూడా ఒప్పుకున్నారు, మిగతా నిఘాను మాత్రం వదిలేశారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. మనిషి వెనకాల నీడలా పోలీసు తిరుగుతుంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుందని, గోప్యత కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాశారు. 1978లో మేనకా గాంధీ కేసు ప్రక్రియ న్యాయంగా, సహేతుకంగా ఉండాల్సిందేనంది. అల్లాడి వీధి గుమ్మంలో ఆపేసిన మాట ఆ విధంగా దొడ్డిదారిన లోపలికొచ్చింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యతపై సుబ్బారావు మాటే సరైనదన్నారు. 1976లోనే పోయిన ఆయన ఈ రెండు తీర్పులనూ చూడలేదు.

రాజధాని ఎవరిది?

ఢిల్లీవాళ్లకు నేరుగా తగిలిన అమెరికా మాట మరొకటి ఉంది, ఫెడరల్ డిస్ట్రిక్ట్. పది మైళ్ల చదరానికి మించని రాజధానిపై పూర్తి అధికారం కాంగ్రెస్‌దేనని ఫిలడెల్ఫియాలో రాసుకున్నారు. 1947లో ఢిల్లీ వంటి చీఫ్ కమిషనర్ ప్రాంతాల భవిష్యత్తు తేల్చేందుకు వేసిన సంఘానికి అధ్యక్షుడు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఢిల్లీకి ఎన్నికైన శాసనసభ, దానికి జవాబుదారీ అయిన మంత్రివర్గం ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. ముసాయిదా కమిటీ వాషింగ్టన్‌ను చూపించి, రాజధానిని స్థానిక ప్రభుత్వం చేతిలో పెట్టలేమంది. 1952లో ఒక అసెంబ్లీ వచ్చింది, 1956లో పోయింది. 1991లో 69వ సవరణతో మళ్లీ వచ్చింది కానీ పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం దగ్గరే ఉండిపోయాయి. సరిహద్దు దాటి గురుగ్రామ్‌లో అడుగుపెడితే పోలీసు హర్యానా ముఖ్యమంత్రి మాట వింటాడు. నోయిడాలో అయితే లక్నో మాట వింటాడు.

అయినా వాషింగ్టన్‌తో పోలిస్తే ఢిల్లీ ఓటరు నయమే. ఇక్కడ ఏడుగురు లోక్‌సభ సభ్యులు, ముగ్గురు రాజ్యసభ సభ్యులు ఉన్నారు. వ్యోమింగ్ కన్నా ఎక్కువ జనం ఉన్న వాషింగ్టన్‌కి సెనేట్‌లో ఒక్క సీటూ లేదు, ప్రతినిధుల సభలో ఉన్న ఒక్కరికీ బిల్లుల మీద తుది ఓటు లేదు. ప్రాతినిధ్యం లేకుండా పన్నేమిటని 1760ల్లో బ్రిటిష్ పార్లమెంటు మీద ఎగసిన నినాదాన్ని అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీద 2000 నుంచి అచ్చేస్తున్నారు, ఈసారి తమ సొంత కాంగ్రెస్ మీద.