యాప్‌లో కనిపించే గుండె వేగం ఎక్కడిది?



మన హాస్టళ్లలో చదువుకుంటూనే కానిస్టేబుల్, ఎస్.ఐ. ఉద్యోగాల కోసం తెల్లవారుజామున పరుగెత్తేవారు ఎప్పుడూ ఉంటారు. 2022 నాటి తెలంగాణ నోటిఫికేషన్‌లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలన్నారు. ఈ మధ్య గ్రౌండుకు వచ్చేవారి చేతికి ఏదో ఒక చవక వాచీ, జేబులో దాని యాప్ ఉంటున్నాయి. "అన్నా, 182 చూపిస్తోంది, ఆగాలా, ఉరకాలా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. ఆ 182 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనిదే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. ఎం.సి.ఎ. ప్రాజెక్టు కోసం మేము ఇలాంటి చిన్న యాప్ ఒకటి రాశాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కినవాళ్లం మేమే మొదటివాళ్లం. తెలిసిన నాలుగు ముక్కలు మీకు చెప్పకుండా ఎలా ఉంటాం?

ముందుగా వాచీ సంగతి. దాని అడుగున వెలిగే ఆకుపచ్చ దీపాన్ని చూసే ఉంటారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు దగ్గర సన్నని నాళాల్లో రక్తం పెరుగుతుంది, తిరిగి వచ్చే కాంతి కొంచెం తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని చెబుతుంది. అనగా వాచీ గుండెను చూడటం లేదు, వెలుతురును చూసి ఊహిస్తోంది. అది కూడా కొన్ని సెకన్ల సగటు. వేగం ఒక్కసారిగా పెంచినప్పుడు తెరమీది అంకె వెనకబడే వస్తుంది.

కూర్చుని ఉన్నప్పుడు ఈ ఊహ బాగానే కుదురుతుంది. పరుగులో చేయి ఊగుతుంది, వాచీ కదులుతుంది, చెమట పడుతుంది. పరుగెత్తే మనిషి పాదాలు నిమిషానికి 160 నుంచి 180 సార్లు నేలను తాకడం మామూలే. కాంతిలోని ఆ కుదుపునే వాచీ నాడి అనుకుంటే గుండె వేగం బదులు అడుగుల వేగం చూపిస్తుంది! కాబట్టి 182 కనిపిస్తే మొదట మన అడుగులు లెక్కపెట్టుకోవాలి. రెండూ ఒకటే అయితే ఆ అంకెను అనుమానించాలి. వాచీని మణికట్టు ఎముకకు కొంచెం పైన, జారకుండా బిగించి కట్టుకుంటే ఈ బాధ కొంత తగ్గుతుంది.

మన చర్మం నలుపు కదా, కాంతి సరిగా పనిచేస్తుందా అని ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్న. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రచురించిన పరిశీలనలో గుండె వేగం విషయంలో చర్మం రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శరీరం కదులుతున్నప్పుడు మాత్రం తప్పు విశ్రాంతిలో కంటే సగటున 30 శాతం ఎక్కువైంది. అయితే ఆక్సిజన్ శాతం వేరే సంగతి. అదే ఏడాది మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు వేలికి పెట్టే ఆక్సిమీటర్లను పరిశీలించారు. ఆక్సిజన్ పడిపోయినా పరికరం బాగానే ఉందని చూపడం తెల్లవారిలో కంటే నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఆస్పత్రి పరికరం సంగతే ఇలా ఉంటే, చవక వాచీ చూపే ఆక్సిజన్ అంకెను చూసి ధైర్యపడకూడదు.

ఛాతీకి కట్టే పట్టీ ఇంకో రకం. అది గుండె పుట్టించే విద్యుత్తునే పట్టుకుంటుంది, కాబట్టి పరుగులోనూ ఎక్కువ నమ్మదగినది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లోనే తీగ లేని ఇలాంటి పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. ధర ఎక్కువ గనుక హాస్టల్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం మేలు.

ఇక ఈ అంకె ఫోనుకు చేరే దారి మాకు భలే నచ్చింది. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0తో తక్కువ విద్యుత్తు వాడే పద్ధతి మొదలైంది. అందులో గుండె వేగానికి 180డి అనే సంఖ్య గల సేవ, దాని లోపల కొలతకు 2ఎ37 అనే సంఖ్య ఉన్నాయి. ఫోను పదే పదే అడగనక్కరలేదు, ఒకసారి చందా కడితే చాలు. ఉత్తరం వచ్చిందా అని మనం పోస్టాఫీసు చుట్టూ తిరగకుండా పోస్ట్‌మాన్ ఇంటికే తెచ్చినట్టు, పట్టీయే సుమారు సెకనుకొకసారి పంపుతుంది. ఆ ఉత్తరం నాలుగు బైట్లలో సరిపోతుంది. ఉదాహరణకు 16, 120, 0, 2 అని వచ్చిందనుకోండి. మొదటి బైటు లోపల ఏమేం ఉన్నాయో చెప్పే చీటీ. 16 అంటే గుండె వేగం ఒకే బైటులో ఉంది, తర్వాత రెండు దెబ్బల మధ్య ఎడం కూడా ఉంది అని. 120 గుండె వేగం. చివరి రెంటిలో చిన్న విలువ గల బైటు ముందుంటుంది కాబట్టి 0 + 2 × 256 = 512. సెకనును 1024 భాగాలు చేస్తే అందులో 512, అంటే అర సెకను. అర సెకనుకొక దెబ్బ అంటే నిమిషానికి 120. లెక్క సరిపోయింది!

పట్టీ ఒంటికి సరిగా తగులుతోందో లేదో చెప్పే ఏర్పాటు కూడా ఆ మొదటి చీటీలోనే ఉంది. దాన్ని చూడకుండా రాసిన యాప్, పట్టీ జారిపోయినా ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. అలాగే చాలా వాచీలు ఈ ఉమ్మడి పద్ధతిలో కాకుండా తమ కంపెనీ యాప్‌కు మాత్రమే అర్థమయ్యేలా పంపుతాయి. వేరే యాప్‌లో వాచీ కనిపించకపోతే ఫోను చెడిపోయిందనుకోవద్దు.

దూరం విషయంలో యాప్ కంటే ట్రాకే మేలు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను జి.పి.ఎస్. సుమారు 5 మీటర్లు అటూ ఇటూ పోతుంది, చిన్న గ్రౌండులో మలుపులను కోసేస్తుంది. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు అని పెట్టుకోండి.

గుండె వేగం ఎంత దాటకూడదనడానికి 220లోంచి వయసు తీసేసే లెక్కను యాప్‌లు చాలా వాడతాయి. 20 ఏళ్లవారికి 200 అవుతుంది. 2001లో తనాకా బృందం చెప్పిన లెక్క ప్రకారం, అంటే 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేస్తే, 194 వస్తుంది. ఏదైనా సగటే. ఒక్కొక్కరికి పది అటూ ఇటూ ఉండటం మామూలు. కాబట్టి యాప్ ఎర్రరంగు చూపించలేదు కదా అని ఒంటి మాట వినకపోవడం ప్రమాదం. 2024 ఆగస్టు, సెప్టెంబరులో జార్ఖండ్‌లో జరిగిన ఎక్సైజ్ కానిస్టేబుల్ పరుగు పరీక్షల సమయంలో పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చెమట ఆగిపోయి ఒళ్లు కాలడం, వీటిలో ఏది వచ్చినా అంకె ఎంత ఉన్నా పరుగు ఆపి వార్డెన్ గారికి చెప్పాలి.

వాచీ లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. పరుగు ఆపిన వెంటనే బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. ఆలస్యం చేస్తే వేగం పడిపోతుంది. ఒక్క దెబ్బ తప్పితే ఆరు తేడా వస్తుందని గుర్తుంచుకోండి. ఉదయం నిద్ర లేవగానే, మంచం దిగకముందే, నిమిషమంతా లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోండి. వాచీ ఉన్న స్నేహితుడి అంకెను కూడా ఇలాగే అతని నాడితో పోల్చి చూస్తే, ఆ వాచీని ఎంతవరకు నమ్మాలో వారం రోజుల్లో తెలిసిపోతుంది.